రాగి పైసల మామ

మా మేనమామ పోయినాడని మా అత్త ఫోను చేసినప్పుడు నేను తిరుపతిలో, నేను పాఠాలు చెప్పే బడి వరండాలో నిలబడి ఉన్నాను. పిల్లల ప్రార్థన ఇంకా అయిపోలేదు. అత్త ఏడవలేదు. "పాపా, మీ మామ ఇంకా లేవలేదు," అనింది. అంటే ఏమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. "కాఫీ పెట్టి పిలిచినాను. మళ్ళా పిలిచినాను. చెయ్యి పట్టుకుంటే సల్లగా ఉండాది," అనింది. "నువ్వు రా," అని ఫోను పెట్టేసింది.

నేను చిత్తూరు చేరేసరికి ఆయన ఇత్తడి పాత్రల అంగడి షట్టరు దించి ఉంది. అంగడి వెనకే ఇల్లు. వసారాలో పడుకోబెట్టినారు. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టినారు గానీ, చేతుల దగ్గరికి వచ్చేసరికి కట్టే మనిషి తడబడినాడు. మామ కుడిచేతి వేళ్ళు కొన్నేళ్ళుగా ముడుచుకోవు. రెండు వేళ్ళు బయటికి వంగి, ఒకటి లోపలికి తిరుక్కొని ఉంటాయి. అత్త ఆ చేతిని ఎడమచేతి కిందికి మెల్లగా జరిపి, పైన తుండుగుడ్డ కప్పింది. "వద్దప్పా, కట్టొద్దు. అట్లే ఉండనీ," అనింది.

ఆ చెయ్యి అట్లా ఎందుకయిందో చిత్తూరులో చాలామందికి సగం తెలుసు. మిగతా సగం కూడా ఎక్కడో ఒకచోట ఉండాలని ఇది రాస్తా ఉన్నాను.

మామ డిగ్రీ చదివినాడు గానీ ఉద్యోగానికి పోలేదు. తాత పెట్టిన అంగట్లోనే కూచున్నాడు. పాత బిందెలు, చెంబులు, గంగాళాలు తూకానికి వేసి కొత్తవి తీసుకుపోయేవాళ్ళు వచ్చే అంగడి అది. పాత పాత్రల అడుగున ఒక్కోసారి నల్లబడిన రాగి పైసలు దొరికేవి. తాత వాటిని కూడా పాతరాగిలో కలిపేసి కరిగించడానికి పంపేవాడు. మామ ఒకసారి ఒక పైసను తుండుగుడ్డతో రుద్ది చూస్తే సింహం కనబడిందంట. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ సింహం. దేశాన్ని ఏలినవాళ్ళ గుర్తు మా తాత తక్కెట్లో పాతరాగి ధరకు కరగడానికి పోతా ఉందని తెలిసి నవ్వొచ్చిందని చెప్పేవాడు. ఆ పొద్దు నుంచి కరిగే గంపలోకి ఒక్క పైసను పోనీలేదు.

నాణేలు కూడబెట్టేవాళ్ళకు సాధారణంగా రకానికొకటి, ఏడాదికొకటి ఉంటే తృప్తి. మామకు అట్లా కాదు. ఒకే ఏడాది కొట్టిన ఒకే కాలణాను గుప్పెళ్ళకొద్దీ పెట్టుకునేవాడు. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం, అంగట్లో బేరం లేని వేళ, నా రెండు చేతుల్లో రెండు పైసలు పెట్టినాడు.

"సూడు పాపా. రెండూ ఒకటేనా?"

"ఒకటే గదా మామా. రెండిటి మీదా 1835 అనే ఉండాది."

"సంవత్సరం కాదు, ఈ తీగ సూడు. ఆకుల నడాన గింజలుండాయి గదా, అవి లెక్కబెట్టు."

భూతద్దం పెట్టి లెక్కబెట్టినాను. ఒకదాని మీద ఒక గింజ తక్కువ ఉంది.

అప్పుడు చెప్పినాడు. పైస కొట్టాలంటే ముందు ఉక్కు దిమ్మె మీద బొమ్మను తిరగేసి చెక్కాలి. దాన్నే అచ్చు అంటారు. వేలకొద్దీ పైసలు కొట్టినాక అచ్చు అరిగిపోతుంది, పగులుతుంది. అప్పుడు ఇంకొకటి చెక్కాలి. చెక్కేది మనిషి గనక ఒక అచ్చు ఇంకో అచ్చులాగా ఉండదు. ఒకచోట గింజ తగ్గుతుంది, ఒకచోట ఆకు కొస వంగుతుంది. "ఈ గింజ మర్చిపోయినోడికి ఆ పొద్దు ఏం కష్టమొచ్చిందో," అన్నాడు మామ, ఆ పైసను వెలుతురుకు తిప్పుతా. "ఇంట్లో బిడ్డకు జ్వరమేమో. పరాకు పడినాడు పాపం. దొర చూసినుంటే కొట్టుంటాడు."

పగులు సంగతి కూడా అప్పుడే చెప్పినాడు. అచ్చు పగిలితే ఆ పగుల్లోకి రాగి ఉబికి, పైస మీద సన్న గీతలాగా లేస్తుంది. ఆ అచ్చులో పుట్టిన ప్రతి పైసకూ అదే తావులో అదే గీత. "ఒకటి కడపలో దొరకనీ, ఒకటి మదరాసులో దొరకనీ, ఒక తల్లి బిడ్డలని చెప్పేయొచ్చు," అన్నాడు. తప్పిపోయిన అన్నదమ్ములను కలిపినంత సంబరం ఆయన మొహంలో.

అంగట్లో చెంబు కొన్న ప్రతి ఆడమనిషికీ "చింతపండూ ఉప్పూ వేసి తోమమ్మా, బంగారంలాగా మెరుస్తాది" అని చెప్పే మనిషి, ఇంట్లో తన పైసల దగ్గరికి చింతపండు చేత్తో ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఒక ఉగాదికి అత్త చెల్లెలు వచ్చి, సాయం చేద్దామని, గూట్లో ఉన్న పైసలన్నీ తోమి పళ్ళెంలో ఆరబెట్టింది. అవి తళతళా మెరుస్తా ఉన్నాయి. మామ చూసినాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమెకు ఇంకొంచెం కాఫీ పొయ్యమని అత్తకు చెప్పి పెరట్లోకి పోయి చాలాసేపు నిలబడినాడు. నేను పోతే, "రాగికి పట్టిన నలుపు దాని వయసు పాపా. దాన్ని గీకేస్తే ఇంకేముండాది," అన్నాడు. చావు కబురు విన్నవాడి గొంతులాగా ఉండింది. నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు.

మనుషుల దగ్గర అంత నెమ్మదస్తుడు, పైసల దగ్గర మాత్రం కటువు. ఎవరెవరో వచ్చి, మా తాత దాచింది, మా గోడలో దొరికింది అని పైసలు చూపించేవాళ్ళు. అసలుదైతే దాని కథంతా చెప్పి తిరిగి చేతిలో పెట్టేవాడు. దొంగదైతే ఒకటే మాట, "చెల్లదు." ఇంకేమీ కలిపేవాడు కాదు. పోనీ కొంచెం మెత్తగా చెప్పకూడదా అని అత్త అడిగితే, "నిజానికి కళాయి పూయకూడదు," అనేవాడు.

ఆ మాట ఆయన్ను ఎట్లా తినేసిందో ఇప్పుడు చెప్తాను.

మా జిల్లాలో రాముడి పైసల పిచ్చి పుట్టిన కాలం అది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, ఇంకోవైపు శ్రీరామ పట్టాభిషేకం ఉండే రాగి బిళ్ళ. దాని మీద పిడుగు పడిందనీ, బియ్యపు గింజలను లాక్కుంటుందనీ, రాకెట్లు చేసే విదేశాలవాళ్ళు కోట్లు పోసి కొంటారనీ చెప్పి అమ్మేవాళ్ళు. రైస్ పుల్లింగ్ అని పేపర్లలో మీరూ చదివుంటారు. ముందుగానే బియ్యానికి ఇనప పొడి పట్టించి, బిళ్ళ కింద అయస్కాంతం దాచిపెడతారు. గింజలు కదిలి వచ్చి బిళ్ళకు అతుక్కుంటాయి. కళ్ళారా చూసినవాడు ఎందుకు నమ్మడు? దేవుడి బొమ్మ కూడా ఉండె గదా.

ఒక పొద్దు నేను అంగట్లో ఉండగా నగరి నుంచి ఒక మరమగ్గాల నేతగాడు వచ్చినాడు. నలభై లోపు మనిషి. జుట్టులో దూదిపోగులు. చొక్కా లోపలి జేబులో నుంచి గుడ్డముడి తీసి, విప్పి, బిళ్ళను రెండు చేతుల్లో పెట్టుకుని చూపించినాడు.

"అన్నా, మీ పేరు చెప్పి పంపించినారు. ఇది అసలుదని ఒక్క కాగితం రాసిస్తే చాలు. కొనేవాళ్ళు మదరాసు నుంచి వస్తా ఉండారు."

మామ భూతద్దం కూడా ఎత్తలేదు. "ఇది పైసే కాదప్పా. కంపెనీవాళ్ళు రాముడి బొమ్మతో పైసలు కొట్టనే లేదు. దీని మీద ఒకణా అని ఉండాది సూడు, రాగిలో ఒకణా వాళ్ళ కాలంలో లేనే లేదు. మొన్నా మధ్య ఎవడో కొట్టినాడు దీన్ని."

"లేదన్నా, బియ్యం లాగతా ఉండాది. నా కండ్లతో నేను చూసినాను."

"నువ్వు చూసింది అయస్కాంతం."

నేతగాడు బిళ్ళ వైపు చూసినాడు. మామ వైపు చూసినాడు. "మగ్గాలు అమ్మి తీసుకున్నానన్నా," అన్నాడు.

"అయితే మగ్గాలు పోయినాయి," అన్నాడు మామ.

కసితో అన్న మాట కాదది. పైసల దగ్గర ఆయన మాట తీరే అంత. నేతగాడు బిళ్ళను మళ్ళా గుడ్డలో పెట్టి, జాగ్రత్తగా ముడి వేసుకున్నాడు. నీళ్ళడిగి తాగినాడు. లోటాను మంచిగా బల్ల మీద పెట్టి, "వస్తానన్నా," అని మెట్లు దిగి పోయినాడు. దాని వెంటనే ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళి సామాన్లకని వచ్చినారు, మామ వాళ్ళకు గంగాళాలు చూపించినాడు.

ఆ వారంలోనే పేపరు లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది. దొంగ నాణెం కొని మోసపోయిన నేతగాడు ప్రాణం తీసుకున్నాడని. ఫొటో కూడా వేసినారు. మామ నిలబడే చదివినాడంట. చదివి, పేపరు మడిచి, దాని మీద చెయ్యి పెట్టుకుని పొద్దు గూకేదాకా అట్లే కూచున్నాడని అత్త చెప్పింది.

ఆదివారం నన్ను తోడు తీసుకుని నగరి పోయినాడు. వాళ్ళ ఇంట్లో ముందు గది మొత్తం ఖాళీ. మగ్గాలుండిన తావులో బండల మీద నల్లటి నూనె మరకలు, బోల్టులు పీకిన గుంటలు. ఆయన భార్య గోడకానుకుని కూచుని ఉంది. మామ గడప దగ్గరే ఆగిపోయినాడు. "అమ్మా, ఆ బిళ్ళ దొంగదని చెప్పినోడిని నేనే," అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు, కూచోమనలేదు. మళ్ళా తల దించుకుంది. గడప దగ్గర నుంచే తిరిగి వచ్చేసినాం.

తిరుగుబస్సులో పుత్తూరు దాటినాక మామ అన్నాడు, "దొంగదని చెప్పింది తప్పు కాదు పాపా. మగ్గాలు పోయినాయి అని అన్నానే, ఆ మాట ఎందుకన్నాను? అది నన్ను అతను అడగలేదే."

ఆ తర్వాత చాలాకాలం పైసల పెట్టెలు తెరవలేదు. కానీ రాముడి బిళ్ళలు పట్టుకుని వచ్చేవాళ్ళు వస్తానే ఉన్నారు. వాళ్ళతో మామ తీరు మారిపోయింది. ముందు కూచోబెట్టేవాడు. యాడినుంచి వచ్చినావప్పా, బిడ్డలేం చదువుతా ఉండారు, వానలెట్లా ఉండాయి మీ తట్టు అని అడిగేవాడు. అన్నం వేళైతే అత్తను పిలిచి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పెట్టించేవాడు. వాళ్ళు తిన్నాక, వాళ్ళ పక్కనే కింద కూచుని, మెల్లగా చెప్పేవాడు. చెప్పినాక ఒంటరిగా పోనిచ్చేవాడు కాదు. ఇంట్లోవాళ్ళకు ఫోను చేయించి, ఎవరన్నా వచ్చి పిలుచుకుపోయేదాకా అంగట్లోనే పెట్టుకునేవాడు. పలమనేరు దగ్గర ఆవులు పెట్టుకుని బతికే ఒకాయన బిళ్ళ సంగతి విని నేల మీద పడి పొర్లి ఏడ్చినాడు. ఆ రోజు మామ మంచి బేరాల వేళ షట్టరు దించి, ఆయనతో పాటు బస్సెక్కి ఊరిదాకా పోయి, భార్య చేతికి అప్పజెప్పి వచ్చినాడు. "ఆయన్ను ఏమీ అనొద్దమ్మా, దొంగలు అంత తెలివైనోళ్ళు" అని ఆమెకు నచ్చజెప్పినాడంట.

వచ్చినవాళ్ళ బిళ్ళలను అడిగి తీసుకుని భూతద్దం కింద పెట్టి చూసేవాడు. అట్లా చూడగా చూడగా ఒక సంగతి పట్టుకున్నాడు. కాణిపాకం దగ్గర అమ్మిందీ, పలమనేరులో అమ్మిందీ, వడమాలపేట రైతు తెచ్చిందీ, అన్నిటి మీదా రాముడి పాదం నుంచి అంచుదాకా ఒకటే సన్న గీత. అన్నీ ఒక తల్లి బిడ్డలు. ముప్పై ఏళ్ళు కంపెనీ పైసల మీద గింజలూ ఆకులూ లెక్కబెట్టిన కళ్ళకు ఇప్పుడు ఈ పని పడింది. ఫోన్లో నాకు చెప్పినప్పుడు ఆయన గొంతులో సంబరం లేదు.

పోలీసు స్టేషన్లో ఒక ఆడ ఎస్సై ఆయన మాట ఓపిగ్గా వినింది. "అంటే ఇవన్నీ ఒక్క చోటే కొట్టినారంటారా?" అని అడిగింది.

"అవునమ్మా. ఎవురి దగ్గర ఈ అచ్చు దొరుకుతాదో వాడి మనుషులే అన్ని ఊర్లలో అమ్మినట్టు. అచ్చు మీద ఇదే పగులు లోతుగా ఉంటాది, మీరే సూస్తారు."

కొన్ని నెలలకు ఒక మామిడితోట షెడ్డులో అచ్చు దొరికింది. పగులు ఆయన చెప్పిన తావులోనే ఉంది. ఇద్దరిని పట్టుకున్నారు. వాళ్ళను నడిపించినవాడు దొరకలేదు. మామ సాక్షి అయినాడు.

కేసు కోర్టుకు రాకముందే ఒక మధ్యాహ్నం ముగ్గురు అంగట్లోకి వచ్చినారు. బిందెలు చూపించమన్నారు. మామ వెనక్కి తిరిగేలోగా ఒకడు షట్టరు లోపలి నుంచి దించినాడు. మామను అరవనీకుండా నోట్లో తుండుగుడ్డ కుక్కి, కుడిచేతిని తక్కెడ పళ్ళెం మీద పెట్టించి, ఇత్తడి రోకలితో కొట్టినారు. వీధిలో జనం ఉన్నారు. పక్క అంగడివాళ్ళు ఉన్నారు. గోడకవతల అత్త కూరగాయలు తరుగుతా ఉంది. అందరికీ చప్పుడు వినబడింది. సొట్టలు తీసే అంగట్లో లోహం మీద దెబ్బల చప్పుడు ఎవరికి కొత్త? ఎవరూ తల తిప్పలేదు. "ఈ చప్పుడు నేను విన్నాను పాపా. విని, ఎవురిదో బిందె సొట్ట తీస్తా ఉండాడనుకున్నాను," అని అత్త ఇప్పటికీ అంటుంది. అనడం మొదలుపెడితే ఆపదు.

ఆసుపత్రిలో కుట్లు వేసినారు. ఆ తర్వాత పుత్తూరు పోయి నాటువైద్యుల కట్టు కట్టించినాం. ఎముకలు అతుక్కున్నాయి గానీ, నలిగిన వేళ్ళు నలిగినట్టే ఉండిపోయినాయి. పైసను అంచులు పట్టుకుని ఎత్తాలి, మొహం మీద వేలు పడకూడదు అని అందరికీ నేర్పిన మనిషి. ఇప్పుడు ఎడమచేత్తో ఎత్తబోతే పైస జారి బండ మీద పడేది. ఒకసారి అట్లా పడినదాన్ని నేను తీసివ్వబోతే, "ఉండనీ పాపా, నేను తీస్తాను," అని వంగినాడు. చాలాసేపు పట్టింది. నేను కిటికీ వైపు చూస్తా నిలబడినాను.

అత్త మాత్రం ఆయన్ను వదల్లేదు. "సాక్షి వద్దు, ఏమొద్దు. తెలీదు, మర్చిపోయినానని చెప్పేయి. ఆ రాగి మన కొంపకు చేసింది చాలదా? ఈసారి చేత్తో పోదు." అన్నం ముందర పెట్టి అడిగేది, కాళ్ళు పట్టుకుని అడిగేది. మామ ఎదురు చెప్పేవాడు కాదు. ఒకరోజు మాత్రం, "నువ్వు చెప్పినట్టే మర్చిపోతానే. ఆ ఖాళీ గది మర్చిపోయేదెట్లనో అది కూడా చెప్పు," అన్నాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. తరువాత అడగలేదు.

కోర్టుకు నేనే తోడు పోయినాను. బిళ్ళలను కవర్లలోంచి తీసి చూపించడానికి ఆయన వేళ్ళు సహకరించవని, నన్ను పక్కన నిలబడనిచ్చినారు. మామ గీత సంగతి, అచ్చు సంగతి చెప్పినాడు. అవతలి వకీలు లేచి, మీకు నాణేల శాస్త్రంలో పట్టా ఉందా అని అడిగినాడు. లేదన్నాడు మామ. ఏ ప్రభుత్వమైనా మిమ్మల్ని నిపుణుడని గుర్తించిందా? లేదు. పాతసామాన్ల వ్యాపారమే కదా మీది? అవును. ఒక్కో జవాబుకు మామ గొంతు తగ్గిపోతా వచ్చింది. చివరికి వకీలు కాగితాలు పక్కనబెట్టి అడిగినాడు.

"చనిపోయిన నేతగాడు ఆఖరున కలిసింది మిమ్మల్నే కదా? మీరన్న మాటకే ఆయన మనసు విరిగిందంటే ఒప్పుకుంటారా?"

సర్కారు వకీలు అడ్డుపడబోయినాడు. మామ ఎడమచెయ్యి ఎత్తి ఆపినాడు.

"ఒప్పుకుంటాను. అందులో నా మాట కూడా ఉండాది," అన్నాడు.

వెనక బెంచీలో నేతగాడి భార్య కూచుని ఉంది. ఆమె కూడా సాక్షే. ఆమె వచ్చి ఉందని మామకు తెలుసు. తెలిసే చెప్పినాడు.

బయట వరండాలో ఆయన గోడ పట్టుకుని నిలబడి ఉండగా ఆమె దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు నేను వినడం అదే మొదలు.

"అన్నా, ఆ పొద్దు మీ అంగడి నుంచి ఆయన నేరుగా ఇంటికి రాలేదు. వాళ్ళ దగ్గరికి పోయినాడు, బిళ్ళ తీసుకుని మా దుడ్లు మాకియ్యండి అని. వాళ్ళు నవ్వినారంట. ఇంటికొచ్చి నాకదే చెప్పినాడు. 'నవ్వినారే, అందురూ నవ్వినారే' అన్నాడు. మీ గురించి ఒకటే చెప్పినాడు. చిత్తూరులో ఒకాయన నీళ్ళిచ్చినాడు, నిజం చెప్పినాడు అని."

ఆమె మామ కుడిచేతి వైపు చూసి, కొంగు తలమీదికి లాక్కుని బస్టాండు వైపు పోయింది. ఆయన అక్కడే మెట్ల మీద కూచున్నాడు. నేను తెచ్చిన సోడా తాగలేదు. ఆమె చెప్పినదాంతో ఆయన బరువు దిగిపోయిందని రాయాలని నాకూ ఉంది. అట్లా జరగలేదు. కొంచెం దిగిందేమో. ఆ తర్వాత రాత్రిళ్ళు నిద్రపోతా ఉన్నాడని అత్త చెప్పింది, అంతే.

ఆ ఇద్దరికీ శిక్ష పడింది. నడిపించినవాడు ఇప్పటికీ దొరకలేదు. మామ చెయ్యి నలగ్గొట్టిన ముగ్గురు ఎవరో తేలనే లేదు. రాముడి బిళ్ళలు ఇప్పటికీ అమ్ముతానే ఉన్నారు, ఈసారి ఫోన్లలో వీడియోలు పెట్టి. ఈ మధ్య వచ్చినవాటి మీద ఆ గీత లేదు. కొత్త అచ్చు చెక్కుకున్నారని మామే చెప్పినాడు. చివరి ఏళ్ళలో ఆయన కొత్తగా పైసలు కొనలేదు. ఉన్నవాటిని మాత్రం మధ్యాహ్నాలు బల్ల మీద పరిచి, ఎత్తకుండా, వంగి చూస్తా ఉండేవాడు. ఎవరన్నా కాలేజీ పిల్లలు వస్తే వాళ్ళచేత ఎత్తించి, తిప్పించి, గింజలు లెక్కబెట్టించేవాడు.

ఆ పెట్టెలు ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. అత్త వాటిని ఇంట్లో ఉంచుకోలేనంది, అమ్మనూలేనంది. వాటిని చదివే కళ్ళు నాకు లేవు. చదవాలనుకునేవాళ్ళు దొరికితే ఇచ్చేస్తాను. తోమేవాళ్ళకు ఇవ్వను.

కర్మాంతరం అయినాక నగరి పోయినాను. నేతగాడి భార్యకు ఎవరో ఒకరు చెప్పాలి గదా. ఆమె ఇప్పుడు వేరేవాళ్ళ షెడ్డులో కూలికి మగ్గాలు చూస్తా ఉంది. లోపలికి అడుగుపెడితే మగ్గాల మోతకు నా మాట నాకే వినబడలేదు. ఆమె నన్ను గుర్తుపట్టింది. దగ్గరికి పోయి, చెవి దగ్గర నోరు పెట్టి, చిత్తూరు మామ పోయినాడని చెప్పినాను. వినబడిందో లేదో అని మళ్ళా చెప్పినాను. ఆమె తల ఊపి, తన మగ్గం ఆపింది. మిగతావన్నీ ఆడతానే ఉన్నాయి. ఆ మోతలో ఆ ఒక్క మగ్గమే నిలబడిపోయి ఉంది, దాని మీద సగం నేసిన తెల్లబట్ట. షెడ్డు యజమాని వాకిట్లోకి వచ్చి ఎందుకాగిందని చూసినాడు. ఆమె అడ్డపోగు లాగే నాడెలో కొత్త నూలుకండె వేసి, పోగు ముడివేసి, మగ్గం తిరిగి నడిపింది. తెగే పోగులను పట్టుకోవడానికి రెండు చేతులూ బట్ట మీదే ఉండాలి. కళ్ళు తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి లేదు. చుక్కలు బట్ట మీద పడినాయి. ఆ తడి మరకలు దారం దారంగా ముందుకు జరుగుతా, ఆరకముందే, నేసిన బట్టతో పాటు మగ్గం కింది కర్రకు చుట్టుకునిపోయినాయి.